యూరప్ స్టాండర్డ్ "ఇంకా అప్రూవ్ అవ్వలేదు" అంటే చేతులు కట్టుకుని కూర్చోవాలా? పలాస డబ్బాతో నేర్చుకున్న పద్ధతి

2024 అక్టోబర్లో మా బావ సిరిమానోత్సవానికి పలాస నుంచి విజయనగరం వచ్చాడు. కోట దగ్గర జనంలో ఇరుక్కుని సిరిమాను కోసం చూస్తన్నాం, మధ్యలో ఫోన్ నా చేతిలో పెట్టి "బావా, ఈ మెయిల్ ఓపాలి సదివి సెప్పు, ఆల్లకి మన డబ్బా కావాలో అక్కర్లేదో నాకేటీ బోధపడ్డం లేదు" అన్నాడు. ఆ డబ్బా సంగతి ఏంటంటే, బావా ఆయన ఫ్రెండూ కలిసి జీడిపప్పు గోడౌన్లో తేమ ఎంతుందో చూసి చెప్పే చిన్న పెట్టె తయారు చేశారు. పప్పులో తేమ 5 శాతం దాటిందంటే మెత్తబడిపోద్ది, సరుకు వెనక్కి వచ్చేస్తాది, పలాసలో ఇది తెలియనోళ్ళు ఉండరు. పెట్టెలో ఒక వైఫై చిప్పు, దూరంగా ఉన్న గోడౌన్లకి ఒక లోరా రేడియో, ఒక సెన్సర్, అంతే. పప్పు కొనే నెదర్లాండ్స్ పార్టీ వచ్చి చూసి మా గోడౌన్లకి కూడా 60 కావాలన్నారు. అంతా బానే ఉంది అనుకుంటే ఈ మెయిల్. అందులో ఉన్నది ఒకటే ముక్క, సైబర్ సెక్యూరిటీకి యూరప్ కామన్ స్టాండర్డ్ ఇంకా అప్రూవ్ అవ్వలేదు కాబట్టి ఆర్డర్ హోల్డ్‌లో పెడుతున్నాం.

నేను కొన్నాళ్ళు బెంగళూరులో రౌటర్లకి ఈ టెస్టింగ్ కాగితాల పనే చేశాను, ఇప్పుడు ఇంటిదగ్గర ఉంటన్నాను. మెయిల్ చదవగానే నాకు తెలిసిపోయింది, ఆ బయ్యర్ చెప్పింది నిజమే గానీ ఆగాల్సిన పని మాత్రం లేదు. కానీ అప్పటికే బావ మూడు నెలలు ఊరికే కూర్చున్నాడు. రాజాం, బొబ్బిలి వైపు కూడా ఇలాంటివి చేసే కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్ను ఇదే అడిగారు కాబట్టి ఒకేసారి రాసేస్తన్నాను, కొంచెం పెద్దగా ఉంటాది, ఓపిగ్గా చదవండి.

ముందు, మీ డబ్బా ఏ చట్టం కిందకి వస్తాదో చూస్కోండి

రేడియో ఉన్న ఏ వస్తువైనా, వైఫై, బ్లూటూత్, లోరా, సిమ్ ఏదైనా గానీ, యూరప్‌లో అమ్మాలంటే 2014/53 నంబరు డైరెక్టివ్ కింద పడతాది, ఫీల్డ్‌లో అందరూ దాన్ని "రెడ్" అంటారు, రేడియో ఎక్విప్‌మెంట్ డైరెక్టివ్ అన్నమాట. 2016 జూన్ 13 నుంచి అమల్లో ఉంది. అది అడిగేవి నాలుగు. ఒకటి, మనిషికి షాకూ మంటా లాంటి ప్రమాదం ఉండకూడదు. రెండు, పక్కనున్న కరెంటు వస్తువులని ఇది చెడగొట్టకూడదు, వాటివల్ల ఇదీ చెడకూడదు, దీన్నే ఈఎంసీ అంటారు. మూడు, రేడియో తనకిచ్చిన బ్యాండ్‌లో తనకిచ్చిన పవర్‌లోనే ఉండాలి. నాలుగోది కొన్ని రకాల వస్తువులకే, అందులో ఇంటర్నెట్‌కి కనెక్ట్ అయ్యేవాటికి సైబర్ సెక్యూరిటీ ఒకటి.

ఒక విషయం ఇక్కడే చెప్పేస్తాను, మన టెలికాం శాఖ విభాగాలైన డబ్ల్యూపీసీ ఇచ్చే ఈటీఏ గానీ టీఈసీ ఇచ్చే సర్టిఫికెట్ గానీ ఉంటే అది మన దేశానికి పనికొస్తాది, యూరప్‌లో దాంతో సీఈ మార్క్, అంటే అక్కడి చట్టం ప్రకారం చేశానని తయారీదారుడు వేసే గుర్తు, వేసుకోలేరు. మొదట్లో బావ ఆ కాగితమే స్కాన్ చేసి పంపించాడు, అవతలోళ్ళు మర్యాదగా థాంక్యూ అన్నారు, అంతే.

రిజిస్ట్రేషన్ వేరు, మ్యుటేషన్ వేరు

గైడ్ మొత్తంలో అసలు పట్టు ఇక్కడుంది. ఇది అర్థమైతే మిగతాది మీరే చేసేసుకుంటారు.

పొలం కొన్నారనుకోండి. సబ్ రిజిస్ట్రార్ దగ్గర సంతకాలు అయిపోయాయి, డాక్యుమెంట్ చేతికొచ్చింది, ఊళ్ళో అందరికీ స్వీట్లు కూడా పంచేశారు. కానీ మ్యుటేషన్ అయ్యి అడంగల్లో, 1బీలో మీ పేరు ఎక్కలేదు. బ్యాంకుకెళ్తే మేనేజర్ ఏమంటాడు? పొలం మీదే కావచ్చు గానీ నా దగ్గర కాగితంలో మీ పేరు లేదండీ అంటాడు. యూరప్ స్టాండర్డ్ సంగతీ అచ్చం అంతే. స్టాండర్డ్ రాసే సంస్థ దాన్ని పబ్లిష్ చేసిందంటే రిజిస్ట్రేషన్ అయినట్టు. యూరోపియన్ కమిషన్ దాని నంబరుని అఫీషియల్ జర్నల్‌లో, అంటే వాళ్ళ గెజిట్‌లో ఎక్కించిందంటే మ్యుటేషన్ అయినట్టు. ఆ రెండోది అయ్యాకే "ఈ స్టాండర్డ్ ప్రకారం చేశాను కాబట్టి చట్టం ప్రకారం చేసినట్టే" అని చెప్పుకునే హక్కు వస్తాది.

మరి స్టాండర్డ్ ఎవరు రాస్తారు అంటే, రేడియో, టెలికాం వైపు ఎక్కువగా ఎట్సీ, 1988లో పెట్టారు, ఫ్రాన్స్‌లో నీస్ దగ్గర సోఫియా ఆంటిపోలిస్‌లో ఉంటాది. మిగతావి సెన్, సెనెలెక్ అనే సంస్థలు. పద్ధతి ఎలా నడుస్తాదంటే ముందు కమిషన్ వాళ్ళకి ఫలానా దానికి స్టాండర్డ్ రాయండి అని రిక్వెస్ట్ పంపుతాది, కమిటీలో కంపెనీలోళ్ళూ ల్యాబులోళ్ళూ కూర్చుని డ్రాఫ్ట్ రాస్తారు, తర్వాత దేశాల వారీగా ఉన్న ప్రమాణ సంస్థలకి పంపితే వాళ్ళు అభ్యంతరాలు చెప్పి ఓటేస్తారు, పాసైతే పబ్లిష్, ఆ తర్వాత కమిషన్ మళ్ళీ దాన్ని మొత్తం చదివి, తన రిక్వెస్ట్‌కి సరిపోయిందా, చట్టానికి సరిపోయిందా అని చూసి, ఒక డెసిషన్ రాసి, అప్పుడు గెజిట్‌లో ఎక్కిస్తాది. డ్రాఫ్ట్ దగ్గర లేటవ్వడం సహజం, నాలుగు కంపెనీలు కూర్చుంటే ఆరు అభిప్రాయాలు ఉంటాయి. మనలాంటోళ్ళని ఎక్కువ తికమక పెట్టేది మాత్రం పబ్లిష్‌కీ గెజిట్‌కీ మధ్య ఉన్న ఖాళీ, ఎందుకంటే స్టాండర్డ్ కళ్ళముందు కనిపిస్తానే ఉంటాది, వాడుకోడానికి మాత్రం ఉండదు.

ఆ ఖాళీ ఇంత పెరగడానికి ఒక తమాషా కారణం ఉంది. డబ్లిన్‌లో ఒక యూత్ సెంటర్ కట్టారు, నేల కింద పోసిన కంకరలో పైరైట్ అనే ఖనిజం ఉండి నేల, గోడలు పగుళ్ళిచ్చాయి, కేసు యూరప్ కోర్టు దాకా ఎల్లింది. 2016 అక్టోబర్ 27న కోర్టు ఏమందంటే, ఇలా గెజిట్‌లో ఎక్కిన స్టాండర్డ్ కూడా యూరప్ చట్టంలో భాగమే అంది. దాంతో కమిషన్‌కి భయం పట్టుకుంది, అప్పటిదాకా టెక్నికల్ కాగితం అనుకున్నది చట్టం అయిపోతే ప్రతి లైనూ లాయర్ చూపుతో చదవాలి కదా. చదవడం మొదలెట్టారు, క్యూ పెరిగింది. ఎక్కడి కంకర, ఎక్కడి వైఫై.

అయినా ఇది కొత్త జబ్బేం కాదు. ఫోన్లు, మోడెమ్‌లకి ఒక దేశంలో చేసిన టెస్టు ఇంకో దేశం ఒప్పుకోవాలని 1986లోనే డైరెక్టివ్ తెచ్చారు, 1991లో ఇంకోటి తెచ్చి యూరప్ అంతటికీ ఒకే అప్రూవల్ అన్నారు, ఒక్కో రకం వస్తువుకీ ఒక్కో కామన్ రూల్ రాసి కమిటీలో పాస్ చెయ్యాలి. ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ ఫోన్ లైన్లకి ఆ రూళ్ళు 1994లో వచ్చాయి. మామూలు ల్యాండ్‌లైన్‌కి తగిలించే మోడెమ్, ఫ్యాక్స్ లాంటివాటికి, అదే ఇంటర్నెట్ సెంటర్లో కీచుకీచుమని అరిచేది, దానికి సీటీఆర్ 21 అని 1998 జూలైలో గానీ డెసిషన్ రాలేదు. అంత కష్టపడి తెచ్చాక 1999లో మొత్తం పద్ధతే మార్చేసి, 2000 ఏప్రిల్ నుంచి ఈ అప్రూవళ్ళు అక్కర్లేదు, తయారీదారుడే డిక్లరేషన్ ఇచ్చుకోవచ్చు అన్నారు. ఇప్పుడు మనం వాడే రెడ్ ఆ కొత్త పద్ధతికి వారసురాలు. అంటే పేరుకి "అప్రూవల్" అని మనం అంటన్నాం గానీ నిజానికి మీ డబ్బాని యూరప్‌లో ఏ గవర్నమెంటూ ముందుగా అప్రూవ్ చెయ్యదు, బాధ్యత మీదే, సంతకం మీదే.

తేదీలు మూడు రాసుకోండి, ఒకటి కాదు

బావ మెయిల్‌కి వద్దాం. కాగితం తీసి మూడు తేదీలు రాయించాను, చట్టం అమల్లోకి వచ్చే తేదీ, స్టాండర్డ్ పబ్లిష్ అయిన తేదీ, గెజిట్ ఎక్కే తేదీ.

సైబర్ సెక్యూరిటీ రూలు 2022/30 నంబరుతో 2022 జనవరిలో వచ్చింది, ముందు 2024 ఆగస్టు 1 నుంచి అమలు అన్నారు. కమిషన్ ఆ స్టాండర్డులు రాయమని 2022 ఆగస్టులో అడిగింది. టైముకి అవ్వలేదు. అవ్వకపోతే ఏం చేశారు, చట్టాన్నే ఒక ఏడాది వెనక్కి జరిపారు, 2025 ఆగస్టు 1కి. ఈఎన్ 18031 అని మూడు భాగాలుగా 2024 ఆగస్టులో పబ్లిష్ అయ్యాయి. మేము సిరిమాను చూస్తన్నప్పటికి రిజిస్ట్రేషన్ అయ్యింది, మ్యుటేషన్ అవ్వలేదు. చివరికి 2025 జనవరి 30న గెజిట్ ఎక్కాయి, చట్టం అమలుకి దాదాపు ఆరు నెలల ముందు.

ఇప్పుడు చూడండి, 2024 అక్టోబర్లో ఆ 60 డబ్బాలు పంపడానికి ఆ స్టాండర్డ్ అసలు అవసరమా? లేదు! చట్టమే 2025 ఆగస్టు 1 నుంచి. అంతకు ముందు యూరప్ మార్కెట్లో పెట్టిన పీసులకి ఆ రూలు తగలదు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, లెక్క మోడల్‌కి కాదు, ఒక్కో పీసుకి. ఈ మోడల్ నేను 2024లోనే అమ్మడం మొదలెట్టాను కదా అంటే కుదరదు, ఆగస్టు 1 తర్వాత మార్కెట్లోకి వెళ్ళే 61వ డబ్బాకి కొత్త రూలే. కానీ ముందు వెళ్ళిన 60కి పాత రూలే. ఇదంతా తేదీలతో సహా మెయిల్ రాసి పంపితే ఆ బయ్యర్ వారంలో 20 డబ్బాలకి ఓకే అన్నాడు, మిగతా 40 మాత్రం స్టాండర్డ్ వచ్చాకే అన్నాడు. పోనీలే, ఆయన భయం ఆయనది.

కాబట్టి ఎవరైనా "అప్రూవ్ అవ్వలేదు" అంటే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఏది అవ్వలేదండి, పబ్లిష్ అవ్వలేదా, గెజిట్ ఎక్కలేదా, అసలు ఆ చట్టం తేదీ ఎప్పుడు?

ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి

ఎట్సీ స్టాండర్డులు వాళ్ళ సైట్లో ఫ్రీ, నంబరు కొడితే పీడీఎఫ్ దిగిపోద్ది. డ్రాఫ్ట్ ఏ స్టేజీలో ఉందో కూడా అక్కడే వర్క్ ప్రోగ్రామ్‌లో కనిపిస్తాది. సెన్, సెనెలెక్ వాళ్ళవి, మన 18031 లాంటివి, కొనుక్కోవాలి. ఒక్కో దేశం ఒక్కో రేటుకి అమ్ముతారు, లోపలున్నది అదే ఇంగ్లీషు, ఎస్టోనియా వాళ్ళ సంస్థ దగ్గర చాలా చవక, కొనేముందు అక్కడ ఓసారి చూడండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు నమ్మకండి, బావకి ఎవడో పంపింది ఫైనల్ కాదు, ముందటి డ్రాఫ్ట్.

గెజిట్ ఎక్కిందా లేదా అన్నది కమిషన్ సైట్లో రేడియో ఎక్విప్‌మెంట్ హార్మోనైజ్డ్ స్టాండర్డ్స్ అనే పేజీలో దొరుకుతాది, కమిషన్ అడిగి రాయించిన కామన్ స్టాండర్డునే హార్మోనైజ్డ్ అంటారు. అక్కడ సమ్మరీ లిస్ట్ ఎక్సెల్‌లో పెడతారు, వెతకడానికి అది హాయి. కానీ చట్టబలం ఆ ఎక్సెల్‌కి లేదు, గెజిట్‌లో వచ్చిన డెసిషన్‌కే, దీనికి మూలం 2022/2191 నంబరు డెసిషన్, దానికి తర్వాత సవరణలు వస్తానే ఉంటాయి. 18031ని ఎక్కించిన సవరణ 2025/138.

లిస్టులో చూసేటప్పుడు మూడు చోట్ల కళ్ళు పెట్టాలి. ఒకటి వెర్షన్ నంబరు. వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌కి వాడే ఈఎన్ 300 328 ఉంది కదా, దాని వీ2.2.2 2019 జూలైలో పబ్లిష్ అయితే గెజిట్ ఎక్కింది 2020 ఫిబ్రవరిలో. ఆ మధ్య ఏడు నెలలు లేటెస్ట్ వెర్షన్ ప్రకారం టెస్ట్ చేయించినోడు గర్వంగా ఫీలయ్యాడు గానీ చట్టం దృష్టిలో చెల్లేది పాత వీ2.1.1. లేటెస్ట్ అంటే మంచిదనే మన ఫోన్ అప్‌డేట్ బుద్ధి ఇక్కడ పనికిరాదు. గెజిట్‌లో ఏ వెర్షన్ ఉందో అదే. రెండోది, పాత వెర్షన్ ఎప్పటిదాకా చెల్లుతాదో చెప్పే తేదీ, పక్క కాలమ్‌లో ఉంటాది, సాధారణంగా కొంత గడువు ఇస్తారు, ఆ వీ2.1.1కి 2021 ఆగస్టు దాకా ఇచ్చారు.

మూడోది నోట్లు. స్టాండర్డ్ గెజిట్ ఎక్కింది అని పండగ చేసుకునేముందు కింద చిన్న అక్షరాలు చదవండి, ఎందుకంటే ఈమధ్య చాలా వాటిని కమిషన్ షరతులతో ఎక్కిస్తంది. 18031కి కూడా పెట్టింది. అందులో ఒకటి మనకి నేరుగా తగిలింది. వాడేవాడు పాస్‌వర్డ్ పెట్టుకోకుండా వదిలేసే ఛాన్స్ మీ వస్తువులో ఉంటే ఈ స్టాండర్డ్ పాటించినా ఆ విషయంలో చట్టం పాటించినట్టు లెక్క కాదు. మా డబ్బాలో సరిగ్గా అదే ఉంది, మొదటిసారి ఆన్ చేస్తే పాస్‌వర్డ్ పెట్టండి అని అడుగుతాది, కింద "తర్వాత" అని ఒక బటన్. గోడౌన్లో పనిచేసే వాళ్ళకి ఇబ్బంది అవ్వకూడదని బావే పెట్టించాడు పాపం. ఆ బటన్ తీసేసి, పాస్‌వర్డ్ పెట్టనిదే నెట్‌కి కనెక్ట్ అవ్వకుండా ఫర్మ్‌వేర్, అంటే డబ్బా లోపలి ప్రోగ్రామ్, మార్చారు, రెండ్రోజుల పని. అది మార్చకపోతే మళ్ళీ బయటోళ్ళ సర్టిఫికెట్ చుట్టూ తిరగాల్సొచ్చేది. అలాగే అలర్ట్ కోసం మనుషుల ఫోన్ నంబర్లు డబ్బాలోనే దాచేవాళ్ళు, అలాంటి పర్సనల్ డేటా ఉంటే మొదటి భాగంతో పాటు రెండో భాగం కూడా చూడాలి, డిజైన్ చేసేటప్పుడే ఏది అవసరమో ఏది కాదో తేల్చుకుంటే పని తగ్గుద్ది.

గెజిట్ ఎక్కకపోతే దారి లేదా అంటే ఉంది

చాలామందికి తెలియనిది ఇదే. హార్మోనైజ్డ్ స్టాండర్డ్ పాటించడం తప్పనిసరి కాదు, అది దగ్గర దారి మాత్రమే. గుళ్ళో స్పెషల్ క్యూ లాంటిది, అది మూసేస్తే దర్శనం లేదని కాదు.

సేఫ్టీ, ఈఎంసీ ఈ రెండింటికీ స్టాండర్డ్ గెజిట్‌లో లేకపోయినా మీరే సొంతంగా టెస్ట్ చేయించి, రిస్క్ ఏముందో ఎలా తగ్గించారో రాసుకుని, డిక్లరేషన్ ఇచ్చుకోవచ్చు, మాడ్యూల్ ఏ అంటారు, బయటోళ్ళ సంతకం అక్కర్లేదు. రేడియో బ్యాండ్ విషయానికీ, సైబర్ సెక్యూరిటీ లాంటి నాలుగో రకానికీ మాత్రం, గెజిట్ ఎక్కిన స్టాండర్డ్‌ని పూర్తిగా పాటిస్తేనే సొంత డిక్లరేషన్ చెల్లుద్ది. పూర్తిగా అంటే పూర్తిగానే, ఒక క్లాజ్ వదిలేసినా, స్టాండర్డ్ ఎక్కకపోయినా, షరతులో ఇరుక్కున్నా నోటిఫైడ్ బాడీ, అంటే ఈ పనికి యూరప్‌లో అధికారికంగా గుర్తించిన సంస్థ, దగ్గరికి ఎల్లాలి. వాళ్ళు మీ డిజైన్, టెస్ట్ రిపోర్టులు చూసి ఈయూ టైప్ ఎగ్జామినేషన్ సర్టిఫికెట్ ఇస్తారు. స్టాండర్డ్ ఇంకా గెజిట్ ఎక్కకపోయినా దాని ప్రకారం చేసిన టెస్ట్ రిపోర్టునే వాళ్ళ ముందు పెట్టొచ్చు, చాలామంది చేసేది అదే. డబ్బు ఖర్చవుతాది, టైం కూడా, కానీ గెజిట్ కోసం ఆకాశం వంక చూస్తా కూర్చోడం కంటే నయం. కోట్ ఒకరి దగ్గరే కాదు ముగ్గురి దగ్గర తీసుకోండి, తేడా చూసి మీకే ఆశ్చర్యమేస్తాది.

నోటిఫైడ్ బాడీ నిజమైనదో కాదో నాండో అనే కమిషన్ డేటాబేస్‌లో చూడాలి. ప్రతి సంస్థకీ నాలుగంకెల నంబరు ఉంటాది, ఏ డైరెక్టివ్‌కి నోటిఫై అయ్యారో కూడా ఉంటాది, బొమ్మలకి నోటిఫై అయినోళ్ళు రేడియోకి సర్టిఫికెట్ ఇవ్వలేరు. ఇది ఎందుకు గట్టిగా చెప్తన్నానంటే మొదట్లో బావ ఒక ల్యాబుకి డబ్బులు కట్టి, బంగారు రంగు అంచులతో, మధ్యలో పెద్ద సీఈ బొమ్మతో, ఫ్రేమ్ కట్టించుకునేలాంటి సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకున్నాడు. వెనక టెస్ట్ రిపోర్టు అడిగితే లేదు. వాళ్ళు నాండోలో లేరు. పేరు చెప్పను గానీ అలాంటోళ్ళు చాలామంది ఉన్నారు, "సర్టిఫికెట్ ఆఫ్ కంప్లయన్స్" అని ఉండి, ఏ స్టాండర్డ్, ఏ వెర్షన్, ఏ శాంపిల్ అన్నది లేకపోతే అది గోడకి తగిలించుకోడానికే.

ల్యాబుకెళ్ళేముందు

లోపల పెట్టిన వైఫై మాడ్యూల్‌కి, అంటే రెడీమేడ్ వైఫై ముక్కకి, ఆల్రెడీ సీఈ ఉంది కదా, డబ్బాకి ఎందుకు అనేది అందరి డౌటూ. మార్కెట్లో దొరికే వైఫై మాడ్యూల్స్‌కి తయారీదారులు రెడ్ రిపోర్టులు ఇస్తారు, అవి తీసి దాచుకోండి, కొన్ని టెస్టులు మళ్ళీ చేయించక్కర్లేదు. కానీ మీ డబ్బాలో కొత్త పవర్ సప్లై ఉంది, కొత్త యాంటెన్నా ఉండొచ్చు, పక్కనే లోరా రేడియో కూడా ఉంది, ఇవన్నీ కలిశాక ఎలా ఉంటాదో మాడ్యూల్ వాడికి తెలీదు కదా. ఈఎంసీ, సేఫ్టీ, బయటికి వచ్చే అనవసర రేడియేషన్ మొత్తం డబ్బాకి చూడాల్సిందే.

లోరాకి ఇంకో మెలిక. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ లైసెన్స్ లేకుండా వాడతాం. యూరప్‌లో లోరా వాళ్ళు ఎక్కువగా వాడేది 868.0 నుంచి 868.6, అక్కడ పవర్ 25 మిల్లీవాట్లు, పైగా గంటలో ఒక శాతం టైమే మాట్లాడాలి, అంటే గంటకి 36 సెకన్లు. దీనికి స్టాండర్డ్ ఈఎన్ 300 220. పలాసలో టెస్ట్ చేసిన ఫర్మ్‌వేర్ అలాగే పంపేస్తే బ్యాండ్ తప్పు, టైం లెక్క తప్పు. సెట్టింగ్‌లో ఐఎన్ 865 తీసి ఈయూ 868 పెట్టడం ఒక్కటే చాలదు, వాడేవాడు మళ్ళీ మార్చుకోలేకుండా లాక్ చెయ్యాలి. మా డబ్బా ప్రతి పది సెకన్లకీ రీడింగ్ పంపేది, గోడౌన్లో తేమ పది సెకన్లకి మారిపోద్దా ఏటి, పది నిమిషాలకి ఒకటి చేశారు, బ్యాటరీ కూడా నిలబడింది.

కాగితాలు, స్టిక్కర్

టెక్నికల్ ఫైల్ అంటే భయపడకండి. సర్క్యూట్ డయాగ్రాం, పార్టుల లిస్టు, ఫోటోలు, రిస్క్ గురించి మీరు రాసుకున్నది, ఏ స్టాండర్డ్ ఏ వెర్షన్ వాడారో, టెస్ట్ రిపోర్టులు, ఫర్మ్‌వేర్ వెర్షన్, ఇవన్నీ ఒక ఫోల్డర్లో. చివరి పీస్ మార్కెట్లో పెట్టాక 10 ఏళ్ళు దాచాలి, కాబట్టి ఆఫీసులో ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టి వదిలేయకండి. నేనైతే గెజిట్ డెసిషన్ పీడీఎఫ్ కూడా, ఆ రోజు తేదీతో, అదే ఫోల్డర్లో పెట్టిస్తాను. రెండేళ్ళ తర్వాత ఎవరైనా ఈ వెర్షన్ ఎందుకు వాడారు అంటే అప్పటికి ఇదే చెల్లేది అని చూపించాలి కదా.

డిక్లరేషన్ ఆఫ్ కన్ఫార్మిటీ ఒక పేజీ, మీ పేరు, అడ్రస్, వస్తువు, డైరెక్టివ్ నంబరు, స్టాండర్డులు వెర్షన్లతో సహా, సంతకం. పెట్టెలో మొత్తం పెట్టకపోతే చిన్న వాక్యం ఒకటి రాసి పూర్తిది దొరికే వెబ్ అడ్రస్ ఇవ్వొచ్చు. వాడే మనిషికిచ్చే పేపర్లో ఏ బ్యాండ్లు, ఎంత గరిష్ట పవర్ అన్నది రాయాలి, అది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

గెజిట్ లిస్టుని క్యాలెండర్లో మూడు నెలలకోసారి చూసేలా పెట్టుకోండి, మీరు డిక్లరేషన్లో రాసిన వెర్షన్‌కి ముగింపు తేదీ పడిందంటే ఆ తేదీ తర్వాత మార్కెట్లోకి వెళ్ళే పీసులకి కాగితం మార్చాలి. ఇంకో పెద్దది కూడా వస్తంది, సైబర్ రెసిలియన్స్ యాక్ట్, 2024/2847 నంబరు, లోపాలు బయటపడితే రిపోర్ట్ చెయ్యాలనే రూలు 2026 సెప్టెంబర్ 11 నుంచి, మిగతాది చాలావరకు 2027 డిసెంబర్ 11 నుంచి. దానికి రాయాల్సిన స్టాండర్డులు బోలెడు, క్యూ ఎలా ఉంటాదో నేను చెప్పక్కర్లేదు, ఆ మూడు తేదీల కాగితం ఇప్పట్నుంచే మొదలెట్టండి.

స్టిక్కర్ మీద సీఈ అక్షరాలు కనీసం 5 మిల్లీమీటర్ల ఎత్తు, డబ్బా మరీ చిన్నదైతే తగ్గించొచ్చు గానీ కనపడాలి, చదవగలగాలి. అక్షరాల ఆకారం కమిషన్ సైట్లో దొరికే ఫైలే వాడండి. సీ, ఈ దగ్గరగా ఉంటే "చైనా ఎక్స్‌పోర్ట్" అని అర్థం అనేది వాట్సాప్ కథ, అలాంటి మార్కేదీ లేదు, అది తప్పుగా వేసిన సీఈ మాత్రమే. మోడల్ లేదా సీరియల్ నంబరు, మీ పేరు, పోస్టల్ అడ్రస్, దాంతోపాటు అక్కడ దింపుకునే ఇంపోర్టర్ పేరు, అడ్రస్ కూడా ఉండాలి, వస్తువు మీద పట్టకపోతే ప్యాకింగ్ మీదో లోపలి కాగితం మీదో. మా బావ తొందరపడి కాశీబుగ్గలో వెయ్యి స్టిక్కర్లు ముందే కొట్టించేశాడు, ఇంపోర్టర్ అడ్రస్ లేకుండా. ఇప్పుడు 40 డబ్బాల రెండో లోడు కోసం మళ్ళీ కొట్టిస్తన్నాడు, పాత వెయ్యీ గోడౌన్లో బస్తాలకి నంబర్లు రాసుకోడానికి వాడుతున్నారు.